పెట్టె పిల్లలకు, చేతిసంచి మనకు: దూర విమానయానములో పెద్దల ఆరోగ్యరక్షణ

వరంగల్లులోని నా వైద్యశాలకు గత ఇరువది సంవత్సరములుగా ఒక క్రొత్త తరగతివారు వచ్చుచున్నారు. వారు రోగులు కారు, ప్రయాణికులు. "అమెరికాలో అమ్మాయికి ఎనిమిదవ నెల, వచ్చే నెలలో పోతున్నాము. బాలింతకు కాయము చేసి ఇవ్వండి" అని ఒకరు, "కోడలికి జుట్టు రాలుచున్నదట, తలనూనె కావలెను" అని ఒకరు, "మనుమనికి సున్నిపిండిలో ఏమేమి కలుపవలెను?" అని వేరొకరు అడుగుదురు. నేను చెప్పుదును, వారు వ్రాసికొందురు. కాని ఆ అరువది, డెబ్బది ఏండ్ల దంపతులలో "ముప్పది గంటల ప్రయాణమునకు మా దేహముల కొరకు ఏమి పట్టుకొని పోవలెను?" అని తమంతట తాము అడిగినవారిని నేను వ్రేళ్ళమీద లెక్కింపగలను.

వారిని తప్పు పట్టు అర్హత నాకు లేదు. నేను కూడ ఒకనాడు అడుగలేదు. ఆ కథ చెప్పిన తరువాతనే ఈ వ్యాసములోని సలహాలు చెప్పుట న్యాయము.

మా అనుభవము

2019వ సంవత్సరము జూన్ నెలలో మా అమ్మాయి తొలికాన్పునకు నేను, నా సహధర్మచారిణి డాలస్ నగరమునకు బయలుదేరినాము. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు. నెల దినములు సర్దినాము. మామిడికాయ తొక్కు, సకినాలు, గరిజెలు, కుంకుడుకాయల పొడి, బాలింత కాయము, శిశువు క్రింద పరచుటకు పాత నూలుచీరలు, చిన్న వరంగల్ జంపఖానా ఒకటి. తూనికయంత్రముపై పెట్టెను పదిమార్లు ఎక్కించి దించినాము. చేతిసంచిలో ఏమున్నవి? పాస్‌పోర్టులు, టిక్కెట్లు, అమ్మాయికి చేయించిన గాజులు, దారిలో చదువుకొనుటకు ఒక పుస్తకము. నా భార్యకు రక్తపుపోటు, మధుమేహము రెండును ఉన్నవి. ఆమె నాలుగు నెలల మాత్రలు ఒక డబ్బాలో భద్రముగా పెట్టి, ఆ డబ్బాను పెద్ద పెట్టెలో కుంకుడుపొడి ప్రక్కన పెట్టినాము. "భద్రము" అనుకొన్నాము.

మార్గమధ్యమున గల్ఫ్ దేశములో విమానము మారినాము. డాలస్‌లో దిగినప్పుడు నాలుగు పెట్టెలలో రెండే వచ్చినవి. మాత్రలున్న పెట్టె మూడవ దినమున ఇల్లు చేరినది. దారిలో ఆమె నీరు త్రాగలేదు. కిటికీ ప్రక్క సీటు. లేచి పోవలెనన్న ఇద్దరు పరాయివారిని లేపవలెనని మొగమాటపడి పదునారు గంటలలో రెండుమార్లు మాత్రమే లేచినది. ఇల్లు చేరిన మరునాడు తలనొప్పి, రెండు పాదములు వాపు, ఎడమ పిక్కలో పోటు. నిండు చూలాలైన మా అమ్మాయి తానే కారు నడుపుకొని తల్లిని అత్యవసర విభాగమునకు తీసుకొనిపోయినది.

అచ్చటి వైద్యురాలు "ఈమె వాడు మందులేవి?" అని అడిగినది. నలుబది ఏండ్లుగా ఇతరుల నాడి చూచుచున్న నేను, నా ఇంటి ఇల్లాలు వేసికొను మందు పేరు చెప్పలేకపోయినాను. "ఉదయము వేసికొనునది తెల్లని చిన్న మాత్ర" అని మాత్రము చెప్పినాను. మా అమ్మాయి నా ముఖము చూచి ఏమియు అనలేదు. పిక్కలో రక్తము గడ్డకట్టినదేమోనని పరీక్ష చేసి, లేదని తేల్చినారు. రక్తపుపోటు అదుపునకు వచ్చుటకు రెండు దినములు పట్టినది. పురుటికి సాయము పోయినవారము పురిటి మంచము కంటె ముందే ఒక మంచము ఆక్రమించితిమి. అది దైవికముగా చిన్నదిగా ముగిసినది. అందరికి అట్లు ముగియదు.

మా గురువుగారు మూలికలకై అడవికి పోవునప్పుడు శిష్యుల తలలపై మూటలుండెడివి. వారి భుజమున మాత్రము ఒక చిన్న గుడ్డసంచి. అందులో శొంఠికొమ్ము, సైంధవలవణము, నువ్వులనూనె బుడ్డి, అటుకులు, పాత నూలుగుడ్డ, చెంబు ఉండెడివి. దానిని ఏ శిష్యునికిని ఇచ్చెడివారు కారు. మూట తప్పిపోయినను ప్రయాణము సాగును, సంచి తప్పిపోయిన సాగదని వారి భావము. ఏడు సంవత్సరములు ఆ సంచి వెంట నడచిన నేను డాలస్ ఆసుపత్రిలో దాని అర్థము తెలిసికొన్నాను.

విమానములో దేహమునకు ఏమి జరుగును?

మనవారి ప్రయాణము విమానముతో ఆరంభము కాదు. మామునూరులోని నిజాం కాలపు విమానక్షేత్రము మరల తెరచుకొనువరకు, హనుమకొండవారు శంషాబాదుకే పోవలెను. కారులో సుమారు 4 గంటలు, విమానాశ్రయములో 3 గంటలు, గల్ఫ్‌నకు 4 గంటలు, అచ్చట నిరీక్షణ 3 గంటలు, అమెరికా నడిబొడ్డుకు 15, 16 గంటలు. ఇల్లు విడిచినది మొదలు దిగువరకు ముప్పది గంటలు కూర్చుండియే గడచును.

విమానము ముప్పది, నలుబది వేల అడుగుల ఎత్తున ఎగురునప్పుడు లోపలి గాలి వత్తిడి సుమారు 6,000 నుండి 8,000 అడుగుల కొండమీది వత్తిడికి సమానముగా ఉండును. గాలిలో తేమ సాధారణముగా 20 శాతము కంటె తక్కువ. ఎత్తునకు పోవుకొలది వాయువు వ్యాకోచించును గనుక కడుపు ఉబ్బును. ఎక్కునప్పుడు, దిగునప్పుడు చెవులు మూసికొనిపోవును. శాస్త్రము వాతమునకు చెప్పిన గుణములలో రూక్షము, శీతము, చలము ముఖ్యమైనవి. విమానములో పొడిదనము, చలి, నిరంతర చలనము మూడును ఒక్కచోట కూడినవి. కావున ఆకాశయానము వాతప్రకోపమునకు కారణమనుట మా వైద్యుల దృష్టి. పెదవులు పగులుట, ముక్కు ఎండుట, మలబద్ధము, కీళ్ళనొప్పి, నిద్రలేమి ఆ కోవలోనివే. దీనికి విరుగుడు స్నిగ్ధత, ఉష్ణత, కాలముతప్పని మితాహారము.

కాని ఒక అపాయమును కేవలము వాతమని చెప్పి ఊరకుండరాదు. గంటల తరబడి కదలక కూర్చున్నవారి పిక్కల సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. నాలుగు గంటలు మించిన ప్రయాణములలో ఈ ప్రమాదము సుమారు రెండింతలగునని, ఆరోగ్యవంతులలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి సంభవించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. సంఖ్య చిన్నదే. కాని స్థూలకాయులకు, గర్భిణులకు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారికి, కాన్సరు రోగులకు, మునుపు గడ్డకట్టినవారికి అది చిన్నది కాదు.

మొదట సర్దవలసినవి: మందులు, కాగితములు

నిత్యము వాడు మందులు, అల్లోపతివి గాని ఆయుర్వేదమువి గాని, అన్నియు చేతిసంచిలోనే ఉండవలెను. ప్రయాణ దినములకు సరిపడునవి కాదు, మొత్తము. బరువు ఎక్కువైన పక్షమున కనీసము పదునైదు దినములకు సరిపోవునవి ఉండవలెను. మాత్రలను అట్టలనుండి ఊడదీసి వేరు డబ్బాలో పోయరాదు. ఇన్సులిన్ వాడువారు దానిని పెద్ద పెట్టెలో ఎన్నడును పెట్టరాదు. అచ్చటి శీతలమునకు అది గడ్డకట్టి చెడిపోవచ్చును.

మీ వైద్యునిచేత ఇంగ్లీషులో ఒక పత్రము వ్రాయించుకొనవలెను. అందులో మీ వ్యాధులు, మందుల కంపెనీ పేర్లు కాక అసలు పేర్లు, మోతాదు, మీకు పడని మందులు ఉండవలెను. మన అంగడిలో దొరకు పేరు అమెరికా వైద్యునికి తెలియదు. మందు అసలు పేరు చాలవరకు లోకమంతట ఒక్కటే. ఈ పత్రము మూడు ప్రతులు తీసి ఒకటి సంచిలో, ఒకటి పెట్టెలో పెట్టి, ఒకటి పిల్లలకు పంపవలెను. ప్రయాణ ఆరోగ్య బీమా పత్రము దీనితోనే ఉండవలెను. అచ్చటి ఆసుపత్రి ఖర్చు మన ఊహకు అందనిది. మునుపటి వ్యాధులకు ఆ బీమా వర్తించునో లేదో డబ్బు కట్టుటకు ముందే చదివి తెలిసికొనవలెను.

వేళలు మారుట మరియొక చిక్కు. వేసవిలో డాలస్ మనకంటె పదిన్నర గంటలు వెనుక ఉండును. ఏ మాత్ర ఏ వేళకు వేసికొనవలెను, ఇన్సులిన్ ఎంత తీసికొనవలెను అనునది బయలుదేరుటకు ముందే వైద్యునితో వ్రాయించుకొనవలెను. విమానములో లెక్క వేసికొందమనుట సాహసము.

ఆయుర్వేద ఔషధములను గురించి నా తోటి వైద్యులకు రుచింపని మాట ఒకటి చెప్పవలెను. కాగితపు పొట్లములలో కట్టి ఇచ్చిన పేరులేని చూర్ణములు విదేశమునకు పనికిరావు. అధికారి "ఇదేమి?" అని అడిగిన మీరు చెప్పలేరు. కంపెనీ ముద్రగల, మూతవిప్పని సీసాలే తీసికొనిపోవలెను. రసభస్మములు చేరిన మందులను వైద్యుని స్పష్టమైన ఆదేశము లేక పట్టుకొనిపోరాదు, పిల్లలకు పంచరాదు. 2004లో ప్రకటించిన ఒక పరిశోధనలో అమెరికాలోని బోస్టన్ ప్రాంతమున అమ్ముచున్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా 14 ఔషధములలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ వంటి లోహములు బయటపడినవి. శాస్త్రోక్త శోధన లేని మందు విషమని మా గురువులే చెప్పినారు. మన శాస్త్రము పరువు మన జాగ్రత్తలో ఉన్నది.

దుస్తులు, పాదరక్షణ

విమానములో చలి మన వరంగల్లు డిసెంబరు చలికి తీసిపోదు. పలుచని నూలు దుస్తులపై విప్పుటకు వీలైన స్వెట్టరు, ఒక శాలువ, చెవులు కప్పు గుడ్డ, రెండు జతల నూలు మేజోళ్ళు చేతిసంచిలో ఉండవలెను. స్త్రీలు జారిపోని మెత్తని నూలుచీర గాని, అలవాటున్నచో వదులైన పంజాబీ దుస్తులు గాని ధరించుట మేలు. నడుము వద్ద, మోకాళ్ళ వద్ద బిగువుగా ఏదియు ఉండరాదు. పాదములు కొంత వాచును గనుక చెప్పులు అరవ్రేలు వదులుగా ఉండవలెను.

బయలుదేరు దినమున అరికాళ్ళకు, పిక్కలకు గోరువెచ్చని నువ్వులనూనె రాచి, అరగంట తరువాత వేడినీటి స్నానము చేయవలెను. ఇది పాదాభ్యంగము. బడలికను తగ్గించి నిద్రకు అనుకూలించును. అరికాళ్ళు నూనెజిడ్డుతో నున్నని నేలపై నడువరాదు, జారి పడుదురు. పిక్కలను బిగించి పట్టు ప్రత్యేకమైన మేజోళ్ళు మందుల అంగళ్ళలో దొరకును. అవి అందరికి పనికిరావు. కాళ్ళకు రక్తప్రసారము తక్కువైన మధుమేహరోగులు వైద్యుని అడిగియే కొనవలెను.

నూనె, నెయ్యి, గొంతు

ముక్కు ఎండిపోకుండుటకు శాస్త్రము ప్రతిమర్శనస్యము చెప్పినది. ఇంటివద్ద రెండు బిందువులు వేసికొందురు. విమానములో కూర్చుండి ముక్కులో నూనె పోసికొనరాదు. చిటికెనవ్రేలి కొసకు నెయ్యి గాని నువ్వులనూనె గాని తాకించి ముక్కుపుటముల లోపలి అంచున రాచిన చాలును. నాలుగైదు గంటలకొకమారు చేయవచ్చును. పెదవులకును అదే నెయ్యి. చిన్న బుడ్డిలో 20 గ్రాముల నెయ్యి రెండు ప్రయాణములకు చాలును.

చేతిసంచిలోని ద్రవపదార్థము ఏదైనను 100 మిల్లీలీటర్లు మించని సీసాలోనే ఉండవలెనని, ఆ సీసాలన్నియు ఒక లీటరు పట్టు పారదర్శకమైన సంచిలో ఉండవలెనని 2006 తరువాత అంతర్జాతీయ విమానములలో నియమము వచ్చినది. కొన్ని దేశములు ఇటీవల దీనిని సడలించుచున్నవి. కాని మనము అనేక విమానాశ్రయములు దాటవలెను గనుక పాత నియమమునే పాటించుట క్షేమము. నెయ్యి, తైలము, లేహ్యము, తొక్కు ఈ లెక్కలోనివే.

గొంతు ఎండినచో లవంగము ఒకటి బుగ్గన పెట్టుకొనవలెను. చాలమంది అతిమధురము కొమ్ము నములుదురు. అది గొంతునకు మంచిదే గాని రక్తపుపోటును పెంచగలదు. బి.పి. ఉన్నవారు మానవలెను.

నీరు, వేగధారణ

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయములో రోగములు రాకుండుటను గురించి ఒక అధ్యాయమే వ్రాసి, దానిని మలమూత్రాది వేగములను ఆపరాదను మాటతోనే ఆరంభించినాడు. మన తల్లులు విమానములో చేయునది సరిగా దానికి విరుద్ధము. మరుగుదొడ్డికి పోవలసి వచ్చునని నీరు మానుదురు; వచ్చిన వేగమును ఆపుకొందురు. తత్ఫలితముగా మూత్రములో మంట, మలబద్ధము, తలనొప్పి కలుగును.

దీనికి మందు సంచిలో లేదు, టిక్కెట్టులో ఉన్నది. నడవ ప్రక్క సీటును ముందుగానే అడిగి తీసికొనవలెను. ఒక ఖాళీ స్టీలు సీసా వెంట ఉంచుకొని, తనిఖీ దాటిన తరువాత నింపుకొనవలెను. గంటకొకమారు అరగ్లాసు నీరు త్రాగవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధులున్నవారు తమ వైద్యుడు చెప్పిన కొలతను మీరరాదు. కాఫీ, టీలు ఒకటి రెండు మార్లకు మించరాదు. మద్యము బొత్తిగా కూడదు. మరుగుదొడ్డి తలుపును మడతవద్ద లోనికి నెట్టవలెనని, లోపల గడియ వేసిననే దీపము బాగుగా వెలుగునని మన పెద్దలకు ముందే చెప్పి పంపుడు. ఆ భయమే సగము మందిని కట్టిపడవేయును. ఒక జత లోదుస్తులు, కాగితపు రుమాళ్ళు చేతిసంచిలో ఉండవలెను.

చక్రముల కుర్చీని అడుగుటకు కొందరు నామోషీ పడుదురు. మోకాళ్ళనొప్పి ఉన్నవారు టిక్కెట్టు కొనునప్పుడే దానిని అడిగి వ్రాయించుకొనవలెను. పెద్ద విమానాశ్రయములలో ఒక ద్వారమునుండి మరియొక ద్వారమునకు అరగంట నడక పట్టవచ్చును.

ఆహారము, రెండు గృహయోగములు

సకినాలు మనుమలకు, అటుకులు మనకు. నూనెలో వేగిన పదార్థము విమానములో అరుగదు. పొడిగా వేయించిన అటుకులు, పేలాలు, రెండు మెత్తని పుల్కాలు, నాలుగు ఎండుద్రాక్షలు లేక ఖర్జూరములు చాలును. మధుమేహరోగులు ఈ తీపి పండ్లను చక్కెర హఠాత్తుగా పడిపోయినప్పటికే ఉంచుకొనవలెను. శనగలు, బొబ్బరలు, క్యాబేజి, సోడాలు ఎక్కుటకు ముందు దినమునుండి మానవలెను. శాకాహారము, ఉప్పు తక్కువ ఆహారము కావలసినవారు చాల విమానసంస్థలకు 24 గంటల ముందుగా తెలుపవలెను. విమానములో పెట్టినదంతయు తినవలెనన్న నియమము లేదు. ఆకలికి సగము తినుట ఉత్తమము.

కడుపుబ్బరమునకు: వాము 4 చెంచాలు, జీలకర్ర 4 చెంచాలు దోరగా వేయించి, శొంఠిపొడి 1 చెంచా, సైంధవలవణము 1 చెంచా చేర్చి మెత్తగా దంచి జల్లించవలెను. భోజనము తరువాత అరచెంచా గోరువెచ్చని నీటితో సేవింపవలెను. రక్తపుపోటు ఉన్నవారు లవణము లేకుండ చేసికొనవలెను.

వికారము, వాంతికి: శొంఠిపొడి 2 చెంచాలు, పాతబెల్లము 4 చెంచాలు, చెంచాడు నెయ్యి కలిపి నూరి రేగుగింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టవలెను. విమానము కదలుటకు అరగంట ముందు ఒకటి, అవసరమైన ఆరు గంటలకు మరియొకటి చప్పరింపవలెను. మధుమేహరోగులు బెల్లము లేక చిటికెడు శొంఠిని నీటితో తీసికొనవలెను. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు శొంఠిని మితిమీరరాదు.

త్రిఫలాచూర్ణము అలవాటున్నవారు దానిని మానవలసిన పనిలేదు. అలవాటు లేనివారు ప్రయాణమునాడు ఆరంభింపరాదు. ఇది అన్ని మందులకు వర్తించు సూత్రము: క్రొత్త ఔషధమును ఆకాశములో పరీక్షింపరాదు. నిద్రమాత్రలు అంతకంటె చెరుపు. మత్తుగా కదలక పడియుండుట గడ్డకట్టుటకు దారి తీయును.

సర్దకూడనివి

గసగసాలు మన వంటింటిలో మసాలా దినుసు. యు.ఏ.ఇ., సౌదీ అరేబియా, సింగపూర్ దేశములలో అది నిషిద్ధ పదార్థము. చెరసాల పాలు కావలసి వచ్చును. మేము బయలుదేరుటకు ముందు దుబాయిలో పనిచేసి వచ్చిన మా మేనల్లుడు పెట్టె చూచి, పావుకిలో గసగసాల పొట్లమును, అవి కలిపి దంచిన మసాలాపొడిని తీసివేసినాడు. ఆ ఉపకారమును నేను మరువను. దారిలో దిగి విమానము మారు దేశపు చట్టము కూడ మనకు వర్తించునని గుర్తుంచుకొనవలెను.

ఎండుకొబ్బరి గుండు, కర్పూరము సులభముగా మండునవి గనుక విమానములో కూడదు. పచ్చి కరివేపాకును, తాజా పండ్లను అమెరికాలోనికి రానీయరు. తినుబండారములున్నవని అచ్చటి అధికారికి దాచక చెప్పవలెను. చెప్పినవారికి వస్తువు పోవును, దాచినవారికి జరిమానా పడును. అమెరికా పోవు విమానములో 350 మిల్లీలీటర్లు మించిన పొడులు చేతిసంచిలో ఉన్నచో అదనపు తనిఖీ జరుగును, ఆపివేయవచ్చును. కావున కారపుపొడులు, సున్నిపిండి పెద్ద పెట్టెలోనే పెట్టవలెను. సెల్‌ఫోనుకు విద్యుత్తు నింపు పవర్ బ్యాంకు మాత్రము పెద్ద పెట్టెలో కూడదు, చేతిసంచిలోనే ఉండవలెను.

విమానములో, దిగిన తరువాత

మెలకువగా ఉన్నంతసేపు అరగంటకొకమారు మడమలు నేలకు ఆనించి వ్రేళ్ళు పైకెత్తుట, వ్రేళ్ళు ఆనించి మడమలెత్తుట ఇరువదిమార్లు చేయవలెను. రెండు గంటలకొకమారు లేచి నడవలో అటునిటు నడువవలెను. కాలిపై కాలు వేసికొని కూర్చుండరాదు. పాదముల ముందు సంచి పెట్టి చోటు ఇరుకు చేసికొనరాదు. విమానము దిగునప్పుడు నిద్రపోక గుటకలు మింగుచుండిన చెవిపోటు రాదు. చంటిపిల్లలకు ఆ వేళ పాలు పట్టవలెను.

దిగిన దినమున బంధుమిత్రుల విందులు వద్దు. పెసరకట్టుతో గాని, చారుతో గాని మెత్తని అన్నము తినవలెను. పగటివేళ ఎండలో అరగంట నడువవలెను. పగలు నిద్ర వచ్చినను అరగంటకు మించరాదు. నాలుగైదు దినములలో నిద్ర దారికి వచ్చును.

ఒక్క పిక్క మాత్రమే వాచి, నొప్పి, వేడి, ఎరుపు కనిపించినచో దానిపై తైలము రాచి మర్దన చేయరాదు, గడ్డ కదలవచ్చును. ఆయాసము గాని, రొమ్మునొప్పి గాని హఠాత్తుగా కలిగిన క్షణము ఆలస్యము చేయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ప్రయాణము ముగిసిన కొన్ని వారములవరకు ఈ జాగ్రత్త ఉండవలెను. ఇటీవల గుండెపోటు, పక్షవాతము వచ్చినవారు, శస్త్రచికిత్స జరిగినవారు, తీవ్రమైన రక్తహీనత గాని, ఊపిరితిత్తుల వ్యాధి గాని ఉన్నవారు వైద్యుని అనుమతి లేక విమానము ఎక్కరాదు. ఇచ్చట నేను చెప్పిన గృహయోగములేవియు దానికి ప్రత్యామ్నాయము కావు.

చివరిమాట

2023లో రెండవ మనుమరాలి అన్నప్రాశనకు మరల పోయినాము. ఈసారి మొదట సర్దినది చేతిసంచి. అందులో మందులు, ఇంగ్లీషు పత్రము, శాలువ, మేజోళ్ళు, నెయ్యిబుడ్డి, శొంఠి ఉండలు, అటుకులు, ఖాళీ సీసా. మొత్తము మూడు కిలోలు. నా భార్య నడవ ప్రక్క సీటులో కూర్చుండి, పైసారి నేను మరచిన మాట నాకే గుర్తుచేయుచు, గంటకొకమారు నన్ను కూడ లేపి నడిపించినది. డాలస్‌లో దిగినప్పుడు అమ్మాయి మొదట చూచినది మా పెట్టెలను కాదు, తల్లి పాదములను. వాపు లేదు. "అమ్మా, ఈసారి నడచుకుంటూ వచ్చినావు" అన్నది. తొక్కు సీసా పగిలి పెట్టెలో నూనె కారిన సంగతి ఇంటికి పోయిన తరువాత తెలిసినది. దానికి ఎవరును చింతింపలేదు.

పిల్లలు కోరునది తొక్కు కాదు, తల్లిదండ్రులు. వారికి పట్టుకొనిపోవలసిన మొదటి కానుక మన ఆరోగ్యమే. క్షేమముగా వెళ్ళి లాభముగా రండి.